సుత్తెలు లేని శుక్రవారం

మొన్న సరోజన వచ్చింది. సోమయ్య మామ కూతురు. మామ పోయి నెల దాటింది. ఆయన పనిముట్లన్నీ తుడిచి వరసగా పేరుస్తుంటే మధ్యలో ఒక ఖాళీ కనబడిందట ఆమెకు. చిన్నప్పుడు ఇంట్లో నల్లగా మెరిసే పెద్ద రందా ఒకటి చూసిన గుర్తు ఉంది, అది మాత్రం లేదు. దసరాకు పీట మీద అన్నీ పెట్టి అది పెట్టకపోతే ఎట్లా అని తల్లిని అడిగితే, సామెలు దగ్గర ఉందని చెప్పిందట ఆ పెద్దావిడ. ఎందుకుందో మాత్రం చెప్పలేదట. చెక్కను నున్నగా గీసే ఆ పనిముట్టును పుస్తకాల్లో ఏమంటారో గానీ మా వరంగల్‌లో రందా అనే అంటాం. సరోజన నా షెడ్డు గడప దాటుతూనే, కాళ్ళకింద ప్లైవుడ్ పొట్టును చూసి ముక్కు చిట్లించి, "మా నాయిన రందా నీ దగ్గర ఎందుకున్నది సామెలన్నా?" అంది. ఆమె తండ్రిని నేను మామా అని పిలిచినా ఆమె నన్ను అన్నా అనే పిలిచేది. మామ ముందుచూపు గలవాడు.

నేను వెంటనే ఒక కథ అల్లాను. నాకది అలవాటు. మా బాపూ మీ నాయినా మిర్చిబజ్జీల పందెం కాశారు, మీ నాయిన ఓడిపోయాడు, రందా మా బాపుకు వచ్చింది అన్నాను. "మా నాయిన మిరపకాయ నోట పెట్టెటోడే కాదు" అంది సరోజన. అందుకే ఓడిపోయాడు అన్నాను. ఆమె నవ్వలేదు. నేను కూడా ఇంకో కథ వెతుక్కోకుండా, రేకు డబ్బాలోంచి నూనెగుడ్డలో చుట్టిన రందాను తీసి బల్ల మీద పెట్టి, జర కూర్చో, ఇనుము నూరి ఇస్తాను అన్నాను. మొద్దుబారిన రందాను సోమయ్య మామ ఇంటికి పంపితే ఆయన పటంలోంచి దిగి వస్తాడు. అలా రాయి మీద నూనె చుక్కలు వేసి నూరుతూ ఉండగా, ఆమెకు చెప్పని సంగతి అంతా నా లోపల తిరిగింది. ఇన్నేళ్ళలో నేను చెప్పిన అబద్ధాలన్నింటినీ జనం నమ్మారు. ఈ ఒక్క నిజాన్నే ఎవరూ నమ్మరనిపించి ఎక్కడా చెప్పలేదు.

కరీమాబాద్‌లో మా షెడ్డు ఒకటే, రాజ్యాలు రెండు. ఎడమ సగం మా బాపుది, కుడి సగం సోమయ్య మామది. బాపు నిలబడి బల్ల మీద పనిచేసేవాడు. మామ నేల మీద కూర్చుని, చెక్కను కాలివేళ్ళతో పట్టుకుని చేసేవాడు. ఆ బొటనవేలి పట్టు ముందు బాపు బల్లకున్న ఇనుప పట్టు ఎందుకూ పనికిరాదు. ఒకసారి పరుగెత్తుతున్న బర్రెను తోక దగ్గర కాలివేళ్ళతో ఆపాడని నేను కాలనీలో చెప్పేవాణ్ణి. రెండు రాజ్యాల మధ్య నా మిషన్ ఉండేది. ఐటీఐ చదువు అయిపోయి వచ్చీ రాగానే, బాపు ప్రాణం తీసి పాత రందా మిషన్ ఒకటి కొనిపించాను. దానికి బెల్టు తగిలించి, అది జారకుండా రాళం పొడి చల్లి, బేరింగులకు గ్రీజు పెట్టి స్విచ్చు వేస్తే పక్క వీధిలో పాలు విరిగేవి. మామ పొద్దంతా గీసే చెక్కను నేను బీడీ తాగేంతలో గీసి పడేసేవాణ్ణి. మామ ఆ చెక్కను వెలుగుకు అడ్డంగా పట్టి, దాని మీద వేలు నడిపించి, "ఏం గీసినవురా అల్లుడా, అన్నీ అలలే. దీని మీద పడవ నడుపుకో" అనేవాడు. మిషన్ బ్లేడు తిరిగే కొద్దీ చెక్క మీద సన్నని అలలు పడతాయి. కంటికి ఆనవు, వేలికి ఆనుతాయి. నాకు అప్పుడు ఆ వేలంటే కోపం.

ఇద్దరి పనిలోనూ పొత్తు లేదు. బాపు మేకుల మనిషి. చర్చి బెంచీలు, కిరాణా పెట్టెలు, శవపెట్టెలు, ఏదైనా సరే చెక్కలు కోసి, మేకులు నోట్లో పెట్టుకుని, ఠకఠకా కొట్టి అవతల పెట్టేవాడు. మామ మేకు ముట్టేవాడు కాదు. ఒక చెక్కకు నాలుక చెక్కి, రెండో చెక్కకు బెజ్జం తొలిచి, ఒకదాన్ని ఒకటి మింగేలా చేసి, అడ్డంగా కొయ్యచీల దించేవాడు. "మీ బాపు చెక్కను అతుకతలేడురా, శిలువ ఏస్తాండు" అని నాతో అనేవాడు, బాపుకు వినబడేలాగే. ఒకసారి ఆ మాట మా నాయనమ్మ రూతమ్మ చెవిన పడింది. చేతిలో ఉన్న పుల్ల ఆయన మీదికి విసిరి, విసిరాక నవ్వింది.

నాయనమ్మ కొలువు ఆ షెడ్డుకు వెనక ఉన్న వంటింట్లో. పొద్దున్నే చీపురు పట్టుకుని వచ్చి రెండు రాజ్యాల పొట్టూ ఊడ్చి గంపకెత్తేది. నీళ్ళపొయ్యి కింద అదే మంట. ఎవరి పనిముట్టు ఎట్లా ఉందో ఆమెకు పొయ్యి చెప్పేది. మామ రందాలోంచి వచ్చేవి పొడుగాటి చుట్టలు, అగ్గిపుల్ల చూపిస్తే చాలు భగ్గుమనేవి. బాపు రందా మొద్దుబారితే పొట్టు ముక్కలు ముక్కలై, దుమ్ము కలిసి, పొగ వచ్చేది. టేకు పొట్టు వాసన, సరేసు జిగురు ఉడుకుతున్న కంపు, ఆ పొగ, అందులో ఆమె దగ్గు, ఇవన్నీ కలిపితే నా పొద్దులు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తలుపు దగ్గరకొచ్చి, "దావీదు, పొయ్యి పొగస్తాంది. నీ రందా నూరుకో కొడుకా" అనేది. దావీదు మా బాపు. ఆయన అట్లాగే అమ్మా అనేవాడు. నూరేవాడు కాదు.

మామ మాత్రం ఇనుము విషయంలో పెళ్ళిసంబంధం చూసినట్టు చూసేవాడు. బజారుకు ఉలి కొనడానికి పోతే నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. దుకాణాయన ఇచ్చిన ప్రతి ఉలినీ దారానికి వేలాడదీసి, గోరుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకునేవాడు. "పాడుతాంది గానీ గొంతు బొంగురున్నది" అని పక్కన పెట్టేవాడు. పూటంతా విని, ఒక్కటీ కొనకుండా, నమస్తే పెట్టి వచ్చేసేవాడు. చివరికి పాత లారీ కమాన్ పట్టీ తెచ్చి కమ్మరి దగ్గర దగ్గరుండి సాగగొట్టించుకునేవాడు. ఆ పెద్ద రందాకు ఇనుము అట్లా వచ్చిందే. దాని కొయ్య ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన ఇరుగుడు చేవ, ఎండి ఎండి రాయి అయిపోయింది. పొద్దుగూకగానే ఇనుమును బిగించి పట్టే బిరడా వదులు చేసి, ఇనుము పైకి లాగి, నువ్వులనూనె గుడ్డతో తుడిచి, పక్కకు పడుకోబెట్టేవాడు. అడుగు భాగం నేలకు ఆనకూడదు. ఇంకొకరి చెయ్యి పడకూడదు. తోసేవాడి భుజాన్ని బట్టి రందా అడుగు అరుగుతుందని, రెండు చేతుల మధ్య తిరిగిన రందా ఎవరి మాటా వినదని ఆయన చెప్పేవాడు. నేను ఒకసారి దాని మీద ఈగ వాలి రెండు ఈగలై ఎగిరిపోవడం చూశాను. చూశానని చెప్పి చెప్పి ఇప్పుడు నిజంగానే చూసినట్టుంది.

ఇక నాయనమ్మ పెట్టిన చట్టం. మంచి శుక్రవారం నాడు మా షెడ్డులో ఇనుము మీద ఇనుము పడకూడదు. గురువారం పొద్దుగూకే వేళ ఆమె గంప పట్టుకుని వచ్చి సుత్తెలన్నీ ఏరుకునేది. తన ఆకుపచ్చ రేకుపెట్టెలో వేసి, తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకునే గుడ్డసంచిలో పెట్టుకునేది. ఆ సంచిలో వక్కలుండేవి, పొగాకుండేది, నాకు పనికొచ్చేది ఏదీ ఉండేది కాదు. పండుగ ఆదివారం చర్చి నుంచి వచ్చాక గానీ పెట్టె తెరిచేది కాదు. సోమయ్య మామ శివుడి ముందు కొబ్బరికాయ కొట్టేవాడు, ఈ శుక్రవారంతో ఆయనకేం పని? అయినా ఆయన సుత్తెలు కూడా గంపలో పడేవి. ఒక ఏడు, అత్తా నాకెందుకీ శిక్ష అని అడిగితే ఆమె గంప కింద పెట్టి అంది. "ఆయనకు మేకులు కొట్టినోడు కూడ మీలెక్క సుత్తె పట్టి బతికెటోడే గద కొడుకా. ఆ ఒక్కనాడన్న ఆ సప్పుడు నా చెవుల పడొద్దు." ఆ తర్వాత మామ తన సుత్తెలు తనే తెచ్చి గంపలో వేసేవాడు.

మామకు రథం పని వచ్చిన ఏడాది సంగతి ఇది. వర్ధన్నపేట దగ్గరి ఒక ఊళ్ళో గుడి రథం పుచ్చిపోతే కొత్తది చెయ్యమని ఆ ఊరి పెద్దలు ఈయన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన బతుకులో అంతకు మించిన పిలుపు లేదు. తలుపులు, కిటికీలు, మంచాలు చేసిన చేతికి దేవుడెక్కే బండి దొరికింది. మంచి శుక్రవారం దాటిన సోమవారమే మొదలుపెట్టాలి. నియమాలు చాలా చెప్పారు. చావు ఉన్న ఇంటికి పోకూడదు, మైల తగలకూడదు, రథానికి వాడే పనిముట్లు వేరే పనికి వాడకూడదు. మామ పెద్ద రందానూ ఉలులనూ పసుపునీళ్ళు చల్లిన తెల్లగుడ్డలో మూటకట్టి తన ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించి, దాని కింద నుంచి నడిచేటప్పుడు కూడా తల వంచుకుని నడిచేవాడు.

ఆ మంచి శుక్రవారం తెల్లవారుతూనే నాయనమ్మ పొయ్యి ముట్టించింది. చాయ తాగింది. పొగకు దగ్గింది. నాతోనే అంది, "మీ బాపు రందా మల్ల మొద్దువోయిందిరా, పొయ్యి పొగస్తాంది" అని. అని గోడకు ఒరిగి కూర్చుంది. నేను మిషన్ బెల్టు చూసుకుని వెనక్కి వచ్చేసరికి అట్లాగే కూర్చుని ఉంది. పిలిస్తే పలకలేదు. ఎంత కట్టుకథల వాణ్ణయినా ఆమె ఆఖరి మాటలకు నేను ఏమీ కలపలేదు. కలపాలనిపించలేదు.

పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, ఎండ ముదురుతోంది కాబట్టి చర్చిలో మూడింటి ఆరాధన కాగానే సాయంత్రమే సమాధి చేద్దాం అన్నారు. బాపు సరే అని నేరుగా షెడ్డులోకి వచ్చాడు. ఊళ్ళో ఎవరు పోయినా పెట్టె చేసేది ఆయనే. చెయ్యి అలవాటు కొద్దీ గోడ మీదికి పోయింది. మేకులకు తగిలించిన సుత్తెలు లేవు, ఖాళీ మేకులున్నాయి. రేకుపెట్టెకు తాళం, తాళంచెవి ఆమె నడుముకు, ఆమె చుట్టూ ఆడవాళ్ళు. పక్కింటాయన పరుగెత్తి సుత్తె తెస్తానన్నాడు. బాపు చాలాసేపు ఆ గోడనే చూశాడు.

"అమ్మ ఉన్నన్నినాళ్లు శుక్కురారం కొట్టలే," అన్నాడు. "ఆమె పెట్టెకే కొట్టాల్నా?"

అంటే మేకు లేకుండా చెయ్యాలి. జీవితమంతా మేకులతో బతికిన మనిషి, సాయంత్రంలోగా, తల్లికి. చెక్క కూడా టేకు కాదు, నెక్కొండ తోటల నుంచి వచ్చిన మామిడి. అది కూడా ఆమె చెప్పి పెట్టిందే. మంచి టేకును మట్టిలో పెడితే లేచి వచ్చి కొడతానని ఎన్నోసార్లు అంది. ఆ మామిడి ఇంకా పూర్తిగా ఆరలేదు. నేను నా మిషన్ మీద పలకలు గీసి ఇచ్చాను. అంతకు కొన్నాళ్ళ ముందు ఒక పాత బెంచీ చెక్కలో దాగిన మేకు తగిలి బ్లేడు అంచున పెచ్చు విరిగి ఉంది, కొత్తది హైదరాబాదు నుంచి రావాలి. ప్రతి పలక మీదా పొడుగునా ఒక సన్నని గీత లేచింది, అలలు ఎట్లాగూ ఉన్నాయి. మేకులు కొట్టే పెట్టెకు అది చాలు. అతుకు కూర్చోవాలంటే చాలదు. బాపు తన రందా తీసి గీశాడు. అది గీయలేదు, కొరికింది.

సోమయ్య మామ షెడ్డు బయట నిలబడి ఇదంతా చూస్తున్నాడు. లోపలికి రాలేడు. మూట ఉన్న తన ఇంటి దిక్కు ఒకసారి చూశాడు, తల తిప్పుకున్నాడు. కొంతసేపటికి గడప అవతల కూలబడి, రాయి తెప్పించుకుని, "ఇటు పడెయ్యి బావా నీ తుప్పుముక్కలు. నూరుడుకు మైల లేదు" అన్నాడు. అట్లాంటి శాస్త్రం ఎక్కడా లేదు. అప్పటికప్పుడు పుట్టించాడు. ఆ విద్యలో నాకు గురువు ఆయనే. బాపు రందా ఇనుమును వెనక వైపు రాయికి ఆనించి ముందు చదును చేశాడు. అద్దం లాగా కనబడేదాకా ఆ వెనకభాగాన్ని వదల్లేదు. తర్వాత వాలు పట్టాడు. అరచేతికి రాసి గరుకు పోగొట్టి, ముంజేతి వెంట్రుకల మీద నడిపి చూశాడు. బిరడా వదులుగా ఉందని పక్కన పలుచని చెక్కపొర అతికించాడు. రందా నోట్లో ఏళ్ళుగా ఇరుక్కున్న సరేసు గోకి తీశాడు. "దీన్ల ఎలుక పిల్లలు పెట్టిందేమో సూడకపోతివి" అన్నాడు. బాపు తిరిగి వచ్చిన రందాతో ఒక గీత గీసి, దాని నోట్లోంచి లేచిన పొడుగాటి చుట్టను చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఆ చుట్టతో పొయ్యి ముట్టిస్తే పొగ రాదు.

ఆ పూటంతా అట్లా గడిచింది. ఉలి మొద్దుబారగానే గడప బయటికి పోయేది, పదునై లోపలికి వచ్చేది. ఉలి మీద కొట్టడానికి చింతమొద్దు. నాలుక ఎక్కడ చెక్కాలో, బెజ్జం ఎంత లోతు పోవాలో మామ బయటి నుంచి చెప్పేవాడు. పెట్టెను మాత్రం వేలితో తాకలేదు. మూతకు మేకు లేకుండా ఎట్లా అంటే బాపుకే తోచింది. పలకాబలపాల చెక్కపెట్టెకు మూత జారుతుంది చూడండి, అట్లా. రెండు పక్కలా గాడి తీసి, కాళ్ళ వైపు నుంచి తలవైపుకు తోసే మూత. మామ తల ఊపాడు. ఊపి, ఒక్క మాట చెప్పాడు.

"జర వదులు పెట్టు బావా. మామిడిది. నీళ్లు తాగుతది."

"ఇన్నేండ్ల సంది మేకులోడు మేకులోడు అని నవ్వితివి," అన్నాడు బాపు. "ఇయ్యాల సూడు."

వదులు పెట్టలేదు. మూతను గాడిలో పెట్టి తోస్తే, లోపలి గాలి ఒక్కటే నిట్టూర్పుగా బయటికి వచ్చింది. వెంట్రుక దూరే సందు లేదు. ఆ రోజు మొత్తంలో మా బాపు మొహం మీద నవ్వు కనబడింది అప్పుడే.

ఇంతలో ఐస్ వచ్చింది. ఊకలో పెట్టి గోనెసంచుల్లో చుట్టి రిక్షాలో పెద్ద దిమ్మలు తెచ్చారు. వాటిని పగలగొట్టాలి. సుత్తె లేదు కాబట్టి ఆడవాళ్ళు రోకలి తెచ్చారు. కింద పెట్టుకోవడానికి చదునైన చెక్క కావాలి. అందరిలోకీ చదునైన చెక్క ఏది? మధ్యాహ్నమంతా నూరి గీసి నున్నగా చేసిన మూత గోడకు ఆనించి ఉంది. నేనూ బాపూ చర్చికి పోయి ఉన్నాం. మామ గడప బయట నుంచి చూసి, వద్దమ్మా వద్దమ్మా అని అరిచాడట. ఏడుపుల మధ్య ఎవరికి వినబడుతుంది. లోపలికి పోయి లాక్కోవడానికి ఆయనకు వీల్లేదు. ఆ మూత మీద ఐస్ పగిలింది, కరిగింది, నీళ్ళు నిలిచాయి. మేము వచ్చేసరికి ఎవరో దాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ గోడకు ఆనించారు. మామ కనబడలేదు. పాపం, ఇంటికి వెళ్ళి ఉంటాడనుకున్నాం.

సమాధుల తోటలో ఎండ వాలింది. పాట అయిపోయింది, ఆఖరి చూపులు అయిపోయాయి. బాపు మూతను కాళ్ళ దగ్గర గాడిలో పెట్టి తోశాడు. పాదాల మీదుగా, మోకాళ్ళ మీదుగా వచ్చింది. ఛాతీ దగ్గరికి వచ్చి ఆగింది. బాపు తోశాడు. నేను తోశాను. ఇద్దరం కలిసి తోస్తే పెట్టె కదిలింది గానీ మూత కదలలేదు. నాయనమ్మ మొహం మాత్రం బయటికి ఉండి, పడమటి వెలుతురు నేరుగా దాని మీద పడుతోంది. పొయ్యి పొగస్తోందని ఇప్పుడు మళ్ళీ అంటుందేమో అన్నట్టుంది. వెనక జనం గుసగుసలాడారు. గుంత తవ్వే అతను తన సంచిలోంచి సుత్తె తీసి, మూతను గాడిలోంచి లాగి పైన పెట్టేసి రెండు మేకులు కొడితే సరిపోతుందని మెల్లగా అన్నాడు. పాస్టరు అయ్యగారు కూడా, దావీదూ, దేవుడు హృదయాన్నే చూస్తాడయ్యా అన్నారు. బాపు రెండు చేతులూ మూత మీద అట్లాగే ఉంచి నిలబడ్డాడు. తల్లికిచ్చిన మాట ఒక చేతి కింద, తల్లి మొహం ఇంకో చేతి అవతల. మా బాపును అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు గేటు దగ్గర సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. సోమయ్య మామ. చంకలో తెల్లగుడ్డ మూట. ఆ మూట ఏమిటో ఆ తోటలో మా ఇద్దరికే తెలుసు. ఐస్ పగలడం చూసిన మనిషి ఇంటికి పోయింది ఏడవడానికి కాదు, సోమవారం దాకా ఎవరూ ముట్టకూడని మూటను చిలక్కొయ్య మీంచి దింపడానికి. బాపు ఆయన్ను చూసి, "వద్దు బావా. రథం" అన్నాడు. మామ వినిపించుకోకుండా వచ్చి మూటవిప్పాడు. మూతను బయటికి లాగించి, నా భుజానికి ఒక కొస, బాపు భుజానికి ఒక కొస ఆనించి, అంచు పైకి వచ్చేలా నిలబెట్టించాడు. రందా ఇనుమును లోపలికి దించి, అడుగు వైపు నుంచి పడమటికి పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. ఇనుము వెంట్రుకంత బయటికి రావాలి. దానికి వెనక నుంచి చిన్న దెబ్బ వెయ్యాలి. గుంత తవ్వే అతను సుత్తె అందించాడు.

"వద్దు," అన్నాడు మామ. "ముసల్ది ఇంటది."

పక్కన పడి ఉన్న కట్టెముక్క తీసుకుని దానితో తట్టాడు. మళ్ళీ చూశాడు, మళ్ళీ తట్టాడు. తర్వాత గీశాడు. తడి మామిడి పొర పొడుగ్గా, పలుచగా లేచి, ఆయన మణికట్టు చుట్టూ తిరిగి, కిందికి జారి గుంతలోకి పోయింది. అటువైపు అంచు కూడా గీశాడు. ఆ వంపు తిరిగిన పొరలు గుంత అడుగున పడి ఉండగా, మూత గాడిలో పెట్టి మామే తోశాడు. ఆగకుండా పోయింది. మొహం మీదికి వచ్చేటప్పుడు మాత్రం చెయ్యి తీసి బాపుకు వదిలాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక సుత్తెలు కావాల్సి వచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది తాళంచెవి. స్నానం చేయించిన ఆడవాళ్ళు, ఆమె సంచి ఆమెకే ఉండనీ అని మళ్ళీ నడుముకు దోపి పంపారు. వక్కలతో, పొగాకుతో సహా తాళంచెవి కూడా మట్టిలోకి పోయింది. తాళం పగలగొడదామంటే దానికీ సుత్తె కావాలి కదా అన్నాను నేను. ఆ మూడో నాడు బాపు మళ్ళీ నవ్వాడు, మామ కూడా నవ్వాడు, ఇద్దరూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. బజారుకు పోయి కొత్త సుత్తెలు కొనుక్కున్నారు. ఆ ఆకుపచ్చ పెట్టె ఇప్పటికీ నా మంచం కింద ఉంది. జరిపినప్పుడు లోపల సుత్తెలు దొర్లుతాయి. నా మనవడికి అందులో రాజుల కాలపు బంగారు గదలున్నాయని చెప్పాను.

సోమవారం మామ ఆ ఊరికి పోయి తనంతట తానే చెప్పేశాడు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. పెద్దలు కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారట. నువ్వు శుద్ధి చేసుకుంటే సరిపోతుంది, ఉలులు పసుపునీళ్ళతో కడుగుదాం, శవపెట్టెను గీసిన ఆ రందా మాత్రం రథాన్ని ముట్టకూడదు అన్నారు. అదొక్కటీ తీసేస్తే ఆయనకు కుడిచెయ్యి తీసేసినట్టే. సాయంత్రం మా బల్ల మీద దాన్ని పడుకోబెట్టి, "నీ దగ్గర ఉండనియ్యి బావా. మా ఇంట్ల ఉంటే చెయ్యి దాని మీదికే పోతది" అన్నాడు. రథానికని కొత్త రందా చేసుకున్నాడు. అది ఎన్నేళ్ళయినా ఆయన భుజానికి అలవాటు కాలేదు. రథం పూర్తయ్యాక నన్ను సైకిల్ మీద తీసుకుపోయి చూపించి, "ఏలు నడిపి సూడు అల్లుడా, నీ మిషన్ లెక్కనే అలలు వచ్చినయ్" అన్నాడు. నేను వేలు నడిపాను. ఏ అలా లేదు. ఉందన్నాను. ఆ మాట ఆయనకు కావాలనిపించింది.

ఊళ్ళో రథం గురించి ఎవరూ రెండు మాటలు అనకూడదని మామ ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బాపు ప్రతి శనివారం సాయంత్రం ఆ రందాకు నువ్వులనూనె పట్టించేవాడు. ఒక్కసారి కూడా వాడలేదు. ఆయన పోయాక ఆ శనివారం నాది. నేనూ వాడలేదు. నా షెడ్డులో ఇప్పుడు అన్నీ కరెంటువే. గాలితో మేకులు దించే తుపాకీ కూడా ఉంది. ఠకఠకలు లేవు, ఉఫ్ మని ఊదినట్టు చప్పుడు, మేకు దిగిపోతుంది. పనివాళ్ళు కుర్రాళ్ళు, మంచివాళ్ళు, ఇనుము మొద్దుబారితే పారేసి కొత్తది పెడతారు. నూరడం వాళ్ళకు తెలియక కాదు, అవసరం లేక. శవపెట్టెలు ఇప్పుడు లోపల శాటిన్ గుడ్డతో తయారుగా దుకాణంలో వరసగా నిలబెట్టి ఉంటాయి, ఎవరి కొలత వాళ్ళు వెతుక్కోవడమే. మంచి శుక్రవారం షెడ్డు మూస్తాను. సెలవిచ్చానని సంతోషపడతారు. ఆ తుపాకీ చప్పుడు నాయనమ్మకు సుత్తె చప్పుడు కింద లెక్కా కాదా అని నాకు ఇప్పటికీ తేలలేదు. ఆమె ఉంటే దాన్ని కూడా గంపలో వేసుకునేదనే అనుకుంటాను. అప్పటి పని మంచిదని, ఇప్పటిది కాదని నేను అనను. మిషన్ తెచ్చినవాణ్ణి నేనే కదా. కాకపోతే, అప్పుడు ఒక మనిషి దగ్గరి పనిముట్టును చూసి ఆ మనిషి దేనికి ఎంతదూరం వస్తాడో చెప్పగలిగేవాళ్ళం.

ఇనుము నూరడం అయిపోయింది. ముంజేతి మీద నడిపి చూశాను, వెంట్రుకలు తెగి వచ్చాయి. రందాలో పెట్టి బిరడా దించాను. వెలుగుకు పట్టి చూస్తే ఇనుము ఇంకా లోపలే ఉంది. చిన్న దెబ్బ చాలు. బల్ల మీది సుత్తె తీసుకున్నాను. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న సరోజన చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"సుత్తె వద్దన్నా. మా నాయిన రందాకు ఇనుము తగలనియ్యడు. ఎప్పుడైనా కట్టెముక్కతోనే."

"ఎప్పటి సంది?" అన్నాను.

"నాకు ఎర్కున్నకాడికి గంతే. ఎందుకు నాయినా అంటే, ముసల్ది ఇంటది అనెటోడు. మా నాయనమ్మకు సప్పుడు పడదేమో అనుకున్నం." ఆమె నా చెయ్యి వదిలింది. "కానీ మా నాయనమ్మ నేను పుట్టకముందే పోయిందన్నా. ఆ ముసల్ది ఎవరో మాకు ఇప్పటికీ తెల్వది."

సుత్తె కింద పెట్టాను. మిర్చిబజ్జీల సంగతి అబద్ధమని చెప్పి, స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చోమన్నాను.